ఫ్లాట్‌టాప్, హ్యామర్‌హెడ్, లఫింగ్: 45 అంతస్తుల సైట్‌కి ఏ టవర్ క్రేన్?

ప్రశ్న – సైట్‌రేడియస్

కోకాపేటలో మూడు టవర్లు, ఒక్కోటి గ్రౌండ్ ప్లస్ 45. పైన ట్యాంకుతో కలిపి ఎత్తు 150 మీటర్ల లోపు. గోడలు, స్లాబులు అన్నీ మైవాన్ (అల్యూమినియం ఫార్మ్‌వర్క్)తోనే. కాంక్రీటు పంపుతో వెళ్తుంది కాబట్టి క్రేన్‌కి మిగిలేది ఊచల కట్టలు, గోడల మెష్, పైపులు, తర్వాత గాజు ప్యానెళ్లు. పోడియం మీద క్లబ్‌హౌస్‌కి మాత్రం 6 టన్నుల స్టీల్ ట్రస్సులు ఉన్నాయి. అవి టవర్-బి క్రేన్ మాస్ట్ (నిలువు స్తంభం) నుంచి 38 మీటర్ల దూరంలో కూర్చోవాలి. ఒకవైపు రోడ్డు వెంట 33 కేవీ లైను. మరోవైపు పక్క ప్లాటులో ఇంకో బిల్డర్ టవర్ లేస్తోంది, వాళ్ల హ్యామర్‌హెడ్ ఇప్పటికే నిలబడి ఉంది.

అద్దెకిచ్చేవాళ్లు మూడు రకాలు చెబుతున్నారు. 250 టన్ను-మీటర్ల ఫ్లాట్‌టాప్ ఒకటి, అదే తరగతిలో హ్యామర్‌హెడ్ ఒకటి (పాత మిషన్, అద్దె తక్కువ), ఇంకొకరు లఫింగ్. ముగ్గురి నోటా "12 టన్నుల క్రేన్" అనే మాటే. చూడ్డానికి తలకాయ వేరుగా ఉంటుందన్నది సరే, లోపల డిజైన్‌లో తేడా ఏమిటి? సైట్‌లో అది ఎక్కడ తగులుతుంది? మాస్ట్ బయట పెట్టి భవనానికి పట్టి ఉంచే టైలు కట్టాలా, లిఫ్ట్ షాఫ్ట్‌లోంచి ఎక్కించాలా? లెక్కలతో చెబితే మేలు.

జవాబు – పెండెంట్‌బార్

ముందు ఆ 12 టన్నుల సంగతి తేల్చేద్దాం. అది మాస్ట్‌కి దగ్గర్లో, ఫోర్ ఫాల్ రీవింగ్‌లో (హుక్‌ని నాలుగు తాడు వరుసలు మోసే అమరికలో) ఎత్తగల గరిష్ఠం. 250 తరగతి మిషన్‌లో అది 20 మీటర్ల చుట్టుపక్కలకే ఆగిపోతుంది. 60 మీటర్ల జిబ్ (క్రేన్ చాచిన చేయి) చివర మిగిలేది మూడు టన్నులకు అటూఇటూ. క్రేన్‌ని టన్నుల్లో కొలవడం అమ్మేవాళ్ల అలవాటు, మనం చూడాల్సింది లోడ్ మూమెంట్, అంటే బరువుని మాస్ట్ నుంచి దూరంతో గుణిస్తే వచ్చేది.

మీ ట్రస్సునే తీసుకోండి. ట్రస్సు 6 టన్నులు, స్ప్రెడర్ బీమ్, స్లింగులు, షాకిళ్లు కలిపి 0.3, హుక్ బ్లాక్, ట్రాలీ (జిబ్ వెంట హుక్‌ని మోస్తూ జరిగే బండి) మరో 0.5 అనుకుంటే మొత్తం 6.8. దాన్ని 38తో గుణిస్తే 258 టన్ను-మీటర్లు. 250 మిషన్‌తో అవదు. పైగా ఈ తరగతిలో టూ ఫాల్ గరిష్ఠం సాధారణంగా 6 టన్నులే, కాబట్టి ఫోర్ ఫాల్‌కి మార్చాలి, అప్పుడు హుక్ బ్లాక్ బరువు ఇంకా పెరుగుతుంది. ఆ కొద్ది ట్రస్సుల కోసం మూడేళ్లు పెద్ద క్రేన్‌కి అద్దె కట్టడం దండగ. పోడియం స్లాబు మోస్తుందో లేదో చూసుకుని మొబైల్ క్రేన్ రెండు రోజులు తెప్పించుకోండి, లేదా ట్రస్సుని రెండు ముక్కలుగా చేయించి పైన బోల్టులు వేయండి. ఊచల కట్టలు 2 టన్నుల లోపు కట్టుకుంటే మిగతా పనంతటికీ 250 చాలు.

ఇక తలకాయల తేడా. హ్యామర్‌హెడ్‌లో స్లూయింగ్ యూనిట్ (క్రేన్ పైభాగాన్ని తిప్పే భాగం) మీద టవర్ టాప్ అనే శిఖరం లేస్తుంది, దాని కొన నుంచి పెండెంట్ బార్లు జిబ్‌ని పట్టుకుంటాయి. అంటే జిబ్ రెండు మూడు చోట్ల వేలాడదీసిన దూలం. బార్లు వాలుగా లాగుతాయి కాబట్టి అవి పట్టుకున్న మేర జిబ్‌లో నొక్కుడు బలం ఉంటుంది, దాని మీద వంపు అదనం. లోతు తక్కువ, సెక్షన్లు తేలిక, చివర వాలిపోవడం కూడా తక్కువే. అయితే ట్రాలీ మాస్ట్ పక్కన ఉన్నప్పుడు ఒక లెక్క, రెండు బార్ల మధ్య ఉన్నప్పుడు ఒక లెక్క, చివర ఉన్నప్పుడు మరో లెక్క. జిబ్ పై కార్డ్ (పై అంచున ఉండే పొడవాటి పైపు) ఒకసారి లాగుడులోకి, ఒకసారి నొక్కుడులోకి పోతుంటుంది. ఏళ్ల తరబడి ఇలా మారితే వెల్డింగ్ దగ్గర అలసట పగుళ్లు వస్తాయి.

ఫ్లాట్‌టాప్‌లో బార్లు లేవు. జిబ్ మొత్తం ఒక కాంటిలీవర్. పై కార్డ్ ఎప్పుడూ లాగుడులోనే, కింది కార్డులు ఎప్పుడూ నొక్కుడులోనే. లెక్క సూటిగా ఉంటుంది కానీ మూలం దగ్గర సెక్షన్లు లోతుగా, బరువుగా చేయాలి, లోడు పట్టినప్పుడు చివర కాస్త ఎక్కువే దిగుతుంది. కొత్త ఆపరేటర్ దాన్ని చూసి బెదరక్కర్లేదు. ఇందులో ప్రాణం పై కార్డ్ పిన్నుల్లోనూ మూలం దగ్గరి జాయింట్లోనూ ఉంది. ఇంకో మాట: ఫ్లాట్‌టాప్ జిబ్ ముక్కలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, పైపు మందం మాత్రం వేరు. వరుస తప్పి బిగిస్తే ఎక్కడో మధ్యలో పల్చటి ముక్క పడుతుంది. సెక్షన్ల మీది నంబర్లు మాన్యువల్‌తో సరిచూడకుండా పైకి పంపొద్దు. రంగు వేసి నంబరు చెరిపేసిన పాత మిషన్ వస్తే వెనక్కి పంపేయండి.

నిలబెట్టేటప్పుడు ఈ తేడా నేరుగా డబ్బులో కనిపిస్తుంది. హ్యామర్‌హెడ్ జిబ్‌ని నేల మీద పూర్తిగా కలిపి, ట్రాలీతో, బార్లతో సహా ఒకే ఎత్తులో లేపాలి. అంత పొడవు పరిచే స్థలం కావాలి, ఆ బరువుకి తగ్గ మొబైల్ క్రేన్ కావాలి. పైన బార్లు పిన్ చేసేదాకా మొబైల్ క్రేన్ వదలడానికి లేదు. ఫ్లాట్‌టాప్ జిబ్‌ని ముక్కలుగా గాల్లోనే తగిలించుకుంటూ పోవచ్చు, చిన్న మొబైల్ క్రేన్‌తో సరిపోతుంది. రెండిట్లోనూ ఒక నియమం మారదు. ముందు కౌంటర్ జిబ్ (వెనక వైపు పొట్టి చేయి), దాని మీద మాన్యువల్ చెప్పినన్ని బ్యాలస్ట్ బ్లాకులే, తర్వాత జిబ్, ఆ తర్వాత మిగతా బ్లాకులు. "ఎలాగూ మొబైల్ క్రేన్ ఇక్కడే ఉంది కదా" అని బ్యాలస్ట్ అంతా ముందే పేర్చేస్తే ఎదురు బరువు లేక మాస్ట్ వెనక్కి వంగుతుంది.

33 కేవీ లైను గురించి: అంత ఎత్తులో తిరిగే జిబ్‌కంటే, నిలబెట్టే రోజు రోడ్డు పక్కన లేచే మొబైల్ క్రేన్ బూమ్‌తోనే లైనుకి ఎక్కువ ప్రమాదం. ఆ రోజుకి లైన్ షట్‌డౌన్ రాతపూర్వకంగా తీసుకోండి. రోజువారీ పనిలో లోడు అటు వెళ్లకుండా జోనింగ్ పెడితే చాలు.

పాత హ్యామర్‌హెడ్ తీసుకునే పక్షంలో పెండెంట్ బార్ల పిన్ను రంధ్రాలు కాలిపర్‌తో కొలిపించండి, గుడ్డు ఆకారంలోకి సాగాయా అని. టవర్ టాప్ పాదాల దగ్గర వెల్డింగ్‌కి మ్యాగ్నెటిక్ పార్టికల్ టెస్ట్, స్లూయింగ్ రింగు బోల్టులు ఎప్పుడు మార్చారో రికార్డు. ఈ మూడూ లేకపోతే అద్దె ఎంత తక్కువైనా వద్దు.

జవాబు – గాలివాటం

లఫింగ్ గురించి, గాలి గురించి నేను రాస్తాను. ఈ రెండూ విడదీయలేనివి.

లఫ్ఫర్‌లో ట్రాలీ ఉండదు. జిబ్ మొత్తం మూలం దగ్గరి పిన్ను మీద పైకీ కిందికీ కదులుతుంది, సుమారు 15 డిగ్రీల నుంచి 85 దాకా. హుక్ జిబ్ కొన నుంచే వేలాడుతుంది. రేడియస్ (మాస్ట్ నుంచి హుక్ దూరం) మార్చాలంటే జిబ్ బరువునంతా ఎత్తాలి, అందుకే లఫింగ్ వించ్‌కి వేరే పెద్ద మోటారు. దగ్గరి నుంచి చివరిదాకా జిబ్ వాల్చడానికి మోడల్‌ని బట్టి ఒకటిన్నర నుంచి మూడు నిమిషాలు పడుతుంది. ట్రాలీ అయితే అంతకన్నా చాలా ముందే చేరుతుంది. హుక్ మాస్ట్‌కి మరీ దగ్గరగా కూడా రాదు. లాభం ఒక్కటే, కానీ పెద్దది: అడ్డం వస్తే జిబ్ పైకెత్తి తప్పించుకోవచ్చు. కౌంటర్ జిబ్ కూడా పొట్టి, ఏడెనిమిది మీటర్లు. ట్రాలీ క్రేన్‌కి దాదాపు దానికి రెట్టింపు ఉంటుంది.

లండన్, సిడ్నీల్లో లఫ్ఫర్లు గుంపులుగా కనిపించడానికి ఇదే కారణం. అక్కడ పక్కవాడి స్థలం మీది గాలి కూడా పక్కవాడిదే, అనుమతి లేకుండా జిబ్ తిప్పితే కోర్టుకి వెళ్తారు. న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ కట్టినప్పుడు ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన ఫావ్‌కో 'కంగారూ' క్రేన్లు టవర్‌కి నాలుగు చొప్పున, భవనంతోపాటే ఎక్కుతూ పోయాయి. బుర్జ్ ఖలీఫా మీద పనిచేసినవీ ఫావ్‌కో లఫ్ఫర్లే. ఎత్తు, ఇరుకు, బరువైన స్టీలు మూడూ కలిసినచోట వేరే దారి లేదు. మీ దగ్గర ఎత్తు తప్ప మిగతా రెండూ పెద్దగా లేవు.

ఇక గాలి. ట్రాలీ క్రేన్‌లో కౌంటర్‌వెయిట్ వల్ల ఖాళీ క్రేన్ ఎప్పుడూ వెనక్కి వంగుతూ ఉంటుంది, లోడు ఎత్తితే ముందుకి. డిజైనర్ ఈ రెండిటినీ దాదాపు సమానం చేసి పెడతాడు. పని ఆపాక స్లూయింగ్ బ్రేక్ వదిలేస్తే, జిబ్ వైపు గాలి తగిలే మేర ఎక్కువ కాబట్టి అది గాలి పోయే దిక్కుకి తిరిగి నిలుస్తుంది. అప్పుడు గాలి క్రేన్‌ని జిబ్ వైపుకి తోస్తుంది, కౌంటర్‌వెయిట్ వెనక్కి లాగుతుంది, ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. అదే బ్రేక్ వేసి వదిలేశామనుకోండి, జిబ్ ముందు నుంచి గాలి వస్తే గాలీ కౌంటర్‌వెయిట్ రెండూ ఒకే వైపుకి నెడతాయి. పక్క నుంచి వస్తే మొత్తం జిబ్ మేర అంతా తెరచాప. మాస్ట్ దానికి లెక్కకట్టింది కాదు. రాత్రి దిగేముందు వెదర్‌వేన్ రిలీజ్ వేసి స్లూయింగ్ బ్రేక్ వదిలేయడం, హుక్ ఖాళీగా పైకి లాగి ట్రాలీని మాన్యువల్ చెప్పిన చోట పెట్టడం – ఇది ఆపరేటర్ ఇష్టాయిష్టాల సంగతి కాదు. కౌంటర్ జిబ్ మీద బిల్డర్ పేరు రాసిన పెద్ద ఫ్లెక్సీ కట్టడం కూడా ఇందుకే తప్పు, వెనక వైపు గాలి మేర పెరిగి క్రేన్ తిరగడం మానేస్తుంది. తయారీదారు ఒప్పుకున్న కొలత దాటకూడదు.

లఫ్ఫర్‌లో ఇది ఇంకా సున్నితం. పని ఆపాక జిబ్‌ని ఏ కోణంలో ఉంచాలో మాన్యువల్‌లో జిబ్ పొడవుని బట్టి రాసి ఉంటుంది. స్థలం చాలడం లేదని దాన్ని ఇంకా నిలువుగా లేపి ఉంచితే రెండు నష్టాలు. ఒకటి, గాలి పట్టే చేయి చిన్నదై క్రేన్ తిరగదు. రెండు, ఎదురుగాలి జిబ్ బరువుని దాటేసి లఫింగ్ తాడు సడలుతుంది, జిబ్ బ్యాక్‌స్టాప్‌ల మీద వచ్చి గుద్దుతుంది, అవీ ఆపకపోతే వెనక్కి విరుచుకుపడుతుంది. 2012 అక్టోబర్ 29న శాండీ తుఫాను గాలికి న్యూయార్క్ 57వ వీధిలో వన్57 భవనం మీది లఫ్ఫర్ జిబ్ అలాగే వెనక్కి తిరగబడి వీధి మీద వేలాడింది.

మన ఐఎస్ 875 (భవనాల మీద పడే భారాల భారతీయ ప్రమాణం) మూడో భాగంలో హైదరాబాద్‌కి ప్రాథమిక గాలి వేగం సెకనుకి 44 మీటర్లు, విశాఖ, విజయవాడలకి 50. యూరప్ క్రేన్ల బ్రోచర్లలో సి25, డి25 అని కనిపిస్తుంది. అక్షరం గాలి మండలాన్ని, 25 ఎన్నేళ్లకోసారి వచ్చే గాలో చెబుతుంది. టై లేకుండా ఎంత ఎత్తు నిలబడగలదన్న అంకె ఆ మండలానికే చెల్లుతుంది. హైదరాబాద్‌లో పనిచేసిన కాన్ఫిగరేషన్‌ని అలాగే విశాఖకి తీసుకెళ్తే కుదరదు. 2014లో హుద్‌హుద్ చూసిన ఊరది.

పనిలో ఉన్నప్పుడు చాలా మాన్యువళ్ల హద్దు గంటకు 72 కిలోమీటర్లు. అది క్రేన్‌కి, లోడుకి కాదు. 3×4 మీటర్ల పలక ఎత్తుతున్నారనుకుందాం. గాలి గంటకు 50 కిలోమీటర్లు, అంటే సెకనుకి 14 మీటర్లు ఉంటే దాని మీద దాదాపు 170 కిలోల అడ్డతోపుడు. ఇద్దరు ఖలాసీలు ట్యాగ్‌లైన్ (లోడు ఊగకుండా పట్టే తాడు) పట్టుకున్నా ఆగదు. గాజు ప్యానెళ్లకి వేరే హద్దు, చాలా తక్కువది, లిఫ్టింగ్ ప్లాన్‌లో రాయించండి.

చివరగా, ఎయిర్‌పోర్ట్ అథారిటీ ఎత్తు అనుమతి ఒకటుంది. భవనానికి తీసుకుని క్రేన్ సంగతి మర్చిపోతారు. 55 మీటర్ల జిబ్ ఉన్న లఫ్ఫర్‌ని 80 డిగ్రీలకి లేపితే కొన దాని మూలం కన్నా 54 మీటర్లు పైన ఉంటుంది. హ్యామర్‌హెడ్ టవర్ టాప్ పదికి అటూఇటూ, ఫ్లాట్‌టాప్ మూడు నాలుగు మీటర్లు. బేగంపేట, హకీంపేట దగ్గరి సైట్లలో ఈ ఒక్క లెక్కే క్రేన్ రకాన్ని తేల్చేస్తుంది.

సైట్‌రేడియస్

ఇద్దరికీ ధన్యవాదాలు సార్. ట్రస్సులకి మొబైల్ క్రేన్ చూస్తాం. రెండు వివరాలు ఇవ్వలేదు, ఇప్పుడు ఇస్తున్నా. టవర్-సి మాస్ట్ నుంచి పక్క భవనం గోడ 41 మీటర్లు, వాళ్ల మాస్ట్ 58 మీటర్లు. వాళ్లదీ 40 అంతస్తులు దాటుతుందట. ఇంకోటి, మా బయటి గోడలు 160 మిల్లీమీటర్లే. టైలు దానికి బిగించొచ్చా?

జవాబు – కాలర్‌టై

గోడకి నేరుగా వద్దు. ఎందుకో లెక్క చూడండి. పై టై దగ్గర మాస్ట్‌లో మూమెంట్ 300 టన్ను-మీటర్లు అనుకుందాం, దాని కింది టై 20 మీటర్ల దిగువన. మాస్ట్ ఒక నిరంతర దూలం కాబట్టి పై టై మీద పడే అడ్డ బలం 300ని 20తో భాగించి ఒకటిన్నర రెట్లు, అంటే 22.5 టన్నులు. పైభాగం మీది గాలి తోపుడు కలిపితే 25 దాటుతుంది. టైలోని మూడు స్ట్రట్లు (మాస్ట్‌ని భవనానికి కలిపే కడ్డీలు) కోణంలో ఉంటాయి కాబట్టి ఒక్కో స్ట్రట్‌లో అంతకన్నా ఎక్కువ కూడా రావచ్చు, కాసేపు లాగుడు, కాసేపు తోపుడు. పైగా స్లూయింగ్ మెలి. 160 గోడ మధ్యలో దాన్ని పెడితే బ్రాకెట్ పలక గోడని గుచ్చేస్తుంది.

స్లాబు గోడని కలిసే మట్టంలోనే బ్రాకెట్ పెట్టండి, అడ్డ బలం స్లాబు తలంలోకి పోవాలి. మూలలు, అడ్డగోడలు కలిసేచోటు మంచిది. బోల్టులు గోడకి అటూ ఇటూ పలకలతో త్రూ బోల్టులు కావాలి, తర్వాత రంధ్రం చేసి కెమికల్ యాంకర్ పెట్టేది రెండో శ్రేణి ఉపాయం. స్లీవులు (బోల్టులు దూరే గొట్టాలు) మైవాన్ షెల్ డ్రాయింగ్‌లోనే వేయించాలి, ప్యానెల్ కోసేశాక ఎవరూ ఒప్పుకోరు. బాల్కనీ కాంటిలీవర్‌కి ఎట్టి పరిస్థితుల్లోనూ కట్టొద్దు. ఆ అంతస్తు కాంక్రీటు కనీస బలానికి చేరిందని క్యూబ్ రిపోర్టు వచ్చాకే టై బిగించి, ఆ తర్వాతే మాస్ట్ ఎక్కించాలి. మైవాన్ సైకిల్ వారం రోజులది, అందుకే టై మట్టం కనీసం మూడు నాలుగు అంతస్తులు వెనకే ఉండేలా ప్లాన్ చేస్తారు.

లిఫ్ట్ షాఫ్ట్‌లోంచి ఎక్కించే పద్ధతిలో టైలు, పొడవాటి మాస్ట్ ఉండవు. 40 మీటర్ల మాస్టే పైకి జరుగుతూ పోతుంది. రెండు కాలర్లు (మాస్ట్ చుట్టూ బిగించే చట్రాలు) పట్టుకుంటాయి, మూడోది తర్వాతి ఎత్తుకి. కాలర్ల మధ్య 12 మీటర్లుంటే అదే 300 మూమెంట్‌కి ఒక్కో కాలర్ దగ్గర 25 టన్నుల అడ్డ బలం, పైగా క్రేన్ మొత్తం బరువు కింది కాలర్ మీద. చుట్టూ కోర్ గోడ మందంగా ఉంటే బాగుంటుంది, 160 గోడల కోర్‌కి స్ట్రక్చరల్ ఇంజనీర్ ఒప్పుకోవడం కష్టం. ఆ షాఫ్ట్‌లో లిఫ్ట్ పని చివరిదాకా ఆగుతుంది. మీకు బయటి మాస్టే నయం.

ఎక్కించే పనిలో ఎక్కువ ప్రమాదాలు జరుగుతాయి, అందుకే కాస్త వివరంగా. క్లైంబింగ్ కేజ్ (ఎక్కించే పంజరం) మాస్ట్ చుట్టూ ఉంటుంది, దాని వెనక హైడ్రాలిక్ సిలిండర్. కొత్త మాస్ట్ సెక్షన్ కేజ్ రైలు మీద పెట్టాక, మాన్యువల్ చెప్పిన బరువు హుక్‌కి తగిలించి ట్రాలీని ముందుకీ వెనక్కీ జరుపుతూ తూకం పట్టాలి. కేజ్ రోలర్లకీ మాస్ట్‌కీ మధ్య సందు నాలుగు వైపులా సమానమైతే తూకం కుదిరినట్టు. అప్పుడే స్లూయింగ్ యూనిట్ బోల్టులు లేదా పిన్నులు విప్పాలి. ఆ క్షణం నుంచి పైభాగం మొత్తం సిలిండర్ మీద, రోలర్ల మీదే నిలబడి ఉంటుంది. స్లూయింగ్, ట్రాలీ, హాయిస్ట్ ఏదీ కదపకూడదు. ప్రతి స్ట్రోక్ చివర డాగులు (బరువుని ఆపే కొక్కేలు) మాస్ట్ మెట్లలో పూర్తిగా కూర్చున్నాయో లేదో రెండు వైపులా కళ్లతో చూశాకే సిలిండర్ ఒత్తిడి వదలాలి. సగం కూర్చున్న డాగు జారితే పైభాగమంతా ఒక్క ఊపున కిందికి పడుతుంది. మధ్యలో గాలి లేస్తే సెక్షన్ సంగతి వదిలేసి ముందు కిందికి దించి పిన్నులు వేయడమే.

కాలర్ బిగించడం ఎంత తేలిగ్గా తీసుకుంటారో అంత ప్రమాదం. 2008 మార్చి 15న న్యూయార్క్ 51వ వీధిలో 18వ అంతస్తు దగ్గర కాలర్‌ని వేలాడదీసిన పాలియెస్టర్ స్లింగులు తెగి, అది జారి కింద తొమ్మిదో అంతస్తు కాలర్ మీద పడింది. ఆసరా పోయిన క్రేన్ వీధికి అడ్డంగా కూలింది, ఏడుగురు చనిపోయారు. కాలర్ పదునైన అంచుల మీద గుడ్డ స్లింగు వేయొద్దు, చైన్ బ్లాకులు వాడండి.

ఫౌండేషన్‌కి కూడా చిన్న లెక్క. 6×6 మీటర్లు, 1.5 మీటర్ల మందం అంటే 54 ఘనమీటర్లు, 135 టన్నులు. టై పెట్టకముందు మూమెంట్ 300, క్రేన్ బరువు 80 అనుకుంటే 300ని 215తో భాగించాలి, ఎక్సెంట్రిసిటీ (బరువు మధ్య నుంచి పక్కకి జరిగిన దూరం) 1.4 మీటర్లు. వెడల్పులో మూడో వంతు 2 మీటర్లు, దాని లోపే ఉంది కాబట్టి పడిపోదు. కానీ ఆరో వంతు (1 మీటర్) దాటింది, అంటే ఒక అంచు లేస్తుంది, మిగిలిన 4.8 మీటర్ల మీద అంచు ఒత్తిడి చదరపు మీటరుకి దాదాపు 15 టన్నులు. జిబ్ మూలకి తిరిగినప్పుడు ఇంకా ఎక్కువ, అదీ వేయించాలి. కోకాపేట రాతికి ఇది ఒక లెక్కే కాదు. అమరావతి నల్లరేగడిలో ఇదే ఫుటింగ్ పనికిరాదు, పైల్స్ మీదికి వెళ్లాలి, పైల్‌కి లాగుడు కూడా చూడాలి. ఫిక్సింగ్ యాంగిల్స్ (కాంక్రీటులో పాతే మాస్ట్ పాదాలు) లెవల్ మాత్రం రాతి మీదైనా మట్టి మీదైనా కాంక్రీటు పోసేటప్పుడూ పోశాకా చూడాల్సిందే, వైబ్రేటర్ తగిలి కదులుతాయి. కింద 2 మిల్లీమీటర్ల తేడా పైకి వెళ్లేసరికి చాలా పెరుగుతుంది. చైనా మిషన్లలో మాస్ట్ నిలువు తప్పడానికి హద్దు టై లేని మాస్ట్‌కి వెయ్యికి 4, టై కింది భాగానికి వెయ్యికి 2.

మాస్ట్ జాయింటు రకం కూడా అడగండి. బోల్టులైతే టార్క్ పెట్టిన తేదీల రిజిస్టర్ ఉండాలి. వదులైన బోల్టు ప్రతి తిప్పులోనూ సాగి ముడుచుకుని చివరికి అలసటతో తెగుతుంది. పిన్నులైతే టార్క్ గొడవ లేదు, త్వరగా అవుతుంది. ఆ త్వరే విప్పేటప్పుడు ముప్పు. 2019 ఏప్రిల్ 27న సియాటిల్‌లో విప్పుతున్న క్రేన్‌కి పై భాగాలు దించకముందే మాస్ట్ పిన్నులు దాదాపు అన్నీ లాగేశారు, ఒక గాలి దెబ్బకి రోడ్డు మీద కూలింది. నలుగురు పోయారు, వాళ్లలో ఇద్దరు కార్లలో వెళ్తున్నవాళ్లు. మొబైల్ క్రేన్ ఏ సెక్షన్ పట్టుకుందో దాని కింది పిన్నులే తీయాలి, మిగతావి ముట్టుకోకూడదు.

జవాబు – రోప్‌డ్రమ్

ఎవరూ తాడు గురించి చెప్పలేదు, 150 మీటర్ల ఎత్తులో అసలు ఇబ్బంది దానితోనే.

ఫోర్ ఫాల్‌లో 150 మీటర్లకి నాలుగు రెట్లు 600. జిబ్ 60, కౌంటర్ జిబ్ 15, తాడు చుట్టే డ్రమ్ మీద ఎప్పుడూ మిగలాల్సిన మూడు చుట్లు. మొత్తం 680 మీటర్లకి పైనే. మామూలు డ్రమ్ములు చాలావాటిలో అంత పట్టదు. టూ ఫాల్‌లో 380 చాలు. అంటే "12 టన్నులు" ఏ ఎత్తు దాకా అని అడగాలి, డ్రమ్ నిండితే ఆ పైన మీది 6 టన్నుల క్రేనే.

ఇంకోటి, తాడు బరువు. 20 మిల్లీమీటర్ల తాడు మీటరుకి దాదాపు 1.8 కిలోలు. టూ ఫాల్ 300 మీటర్లకి 540 కిలోలు, ఫోర్ ఫాల్‌లో టన్ను దాటుతుంది. లోడ్ చార్టు ఏ హుక్ ఎత్తుకి ఇచ్చారో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాటితే తగ్గించుకోవాలి. చివర 3 టన్నులున్నచోట అరటన్ను పోవడం చిన్న విషయం కాదు.

హ్యామర్‌హెడ్‌ని మరీ తీసిపారేయొద్దని నా మాట. సర్వీసు రికార్డు బాగున్న మిషన్ దొరికి, చుట్టూ వేరే క్రేన్ లేకపోతే అది పదేళ్లు తేలిగ్గా చేస్తుంది, స్పేర్లు ప్రతిచోటా దొరుకుతాయి. చాలా పెద్ద సైజుల్లోనూ పెండెంట్ డిజైన్ ఉంది. డెన్మార్క్ క్రోల్ కే-10000 చూడండి: 82 మీటర్ల దగ్గర 120 టన్నులు, 100 దగ్గర 94. గుణించి చూస్తే 9,840, 9,400. పేరులోని పది వేలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుస్తుంది.

జవాబు – పెండెంట్‌బార్

రోప్‌డ్రమ్ గారి మాట ఒప్పుకుంటాను, కానీ ఇక్కడ చుట్టూ వేరే క్రేన్లు ఉన్నాయి. మీ మూడు, పక్కవాళ్లది ఒకటి. జిబ్‌లు ఒకదాని మీదుగా ఒకటి తిరగాలంటే కింది క్రేన్ కొనకీ పై క్రేన్ కిందికి వేలాడే భాగానికీ మధ్య కనీసం 2 మీటర్లు ఉంచాలి. కింది క్రేన్ హ్యామర్‌హెడ్ అయితే దాని టవర్ టాప్ కూడా దాటాలి, అంటే పైదానికి ఇంకో రెండు మూడు సెక్షన్ల మాస్ట్. మూడు క్రేన్లు మెట్లు మెట్లుగా నిలబెడితే ఆ అదనం పేరుకుపోతుంది. ఫ్లాట్‌టాప్‌లతో మెట్టు సగానికి తగ్గుతుంది. టవర్-ఎ, టవర్-బిలకి ఫ్లాట్‌టాప్.

టవర్-సి వేరే కథ. పక్క భవనం 41 మీటర్లు, అది మీ జిబ్ మట్టం దాటి లేస్తుంది. 50 మీటర్ల జిబ్ పెడితే ఒకరోజు స్వేచ్ఛగా తిరగడం ఆగిపోతుంది, గాలివాటం గారు చెప్పినదంతా అక్కడ మీ నెత్తిన పడుతుంది. యాంటీ కొలిజన్ సిస్టమ్ పెడతామంటారు, అది ఆపరేటర్ క్యాబిన్‌లో ఉన్నప్పుడు ఆపుతుంది, రాత్రి గాలికి తిరిగే జిబ్‌ని ఆపదు. జిబ్ 5 మీటర్ల అంచెల్లో వస్తుంది కాబట్టి 40 పెడితే సందు ఒక్క మీటరు, చాలదు. 35 పెట్టండి. జిబ్ పొట్టిదైతే కొన దగ్గర ఎత్తే బరువు పెరుగుతుంది, వాళ్ల మాస్ట్ కూడా 58 దూరంలో క్షేమం. వాళ్ల జిబ్ మీ మాస్ట్‌కి ఎంత దగ్గరగా వస్తుందో మాత్రం కొలిచి, ఎవరు ముందు ఎక్కిస్తారో వాళ్లతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. 35తో చేరని మూల టవర్-బి జిబ్‌కి అందుతుందేమో డ్రాయింగ్ మీద వృత్తాలు గీసి చూడండి. అందకపోతేనే లఫ్ఫర్, అదీ దాని విశ్రాంతి రేడియస్ (పని ఆపాక ఉంచే కోణంలో జిబ్ కొన చేరే దూరం) 38 లోపు ఉంటేనే.

విప్పడం కూడా ఇప్పుడే గీసుకోండి. బయటి మాస్ట్ తనంతట తాను దిగుతుంది, కానీ దిగేటప్పుడు జిబ్ మీ భవనం గోడకి సమాంతరంగా ఒకే దిక్కులో ఉండాలి, కౌంటర్ జిబ్ దానికి ఎదురుగా. 45 అంతస్తుల పొడవునా ఆ రెండు వైపులా ఏదీ అడ్డు రాకూడదు: పక్క టవర్, బాల్కనీ, ముందుకు వచ్చిన గాజు ఫిన్నులు, ఏదైనా. మూడు టవర్లు దగ్గరగా ఉన్న సైట్లలో టవర్-బి జిబ్ నేరుగా టవర్-ఎ మీదికి చూస్తుంటుంది. మాస్ట్‌ని ఒకటి రెండు మీటర్లు జరిపితే దారి దొరుకుతుంది, ఫుటింగ్ పోశాక జరపలేరు.

సైట్‌రేడియస్

టవర్-బి మాస్ట్ ఇప్పుడు గీసినచోట ఉంటే జిబ్ టవర్-ఎ బాల్కనీల్ని 1.2 మీటర్లు కొడుతోంది సార్, ఇప్పుడే చూశాం. ఫుటింగ్ తవ్వకం ఆపించాం. 2 మీటర్లు ఉత్తరానికి జరిపితే టై పొడవు ఎంత పెరుగుతుంది, స్టాండర్డ్ స్ట్రట్ సరిపోతుందా?

జవాబు – కాలర్‌టై

తయారీదారు ఇచ్చే స్టాండర్డ్ టై దూరం మిషన్‌ని బట్టి ఉంటుంది, దాటితే స్ట్రట్‌ని ప్రత్యేకంగా చేయించాలి. పొడవు పెరిగితే తోపుడులో వంగిపోయే బలం పొడవు వర్గానికి పడిపోతుంది: 4 మీటర్ల స్ట్రట్ 6 అయితే అదే సెక్షన్ సగం కూడా మోయదు. పైపు సైజు పెంచండి, పాత స్ట్రట్‌కి ముక్క వెల్డ్ చేసి పొడవు పెంచే పని సైట్‌లో ఎవరినీ చేయనివ్వొద్దు. జరిపేది గోడకి సమాంతరంగా అయితే గోడ నుంచి దూరం మారదు, స్ట్రట్ల కోణాలే మారతాయి. ముందు అది చూసుకోండి.